బరువు తగ్గిన లోయ

“నీ భార్య చుట్టూ ఒక అందగాడు తిరగబోతున్నాడు,” అంది గుడ్‌ఫిన్నా. “కంగారుపడకు. వాడు మనవాడే.”

కోల్బేన్ మెడదాకా వేణ్ణీళ్లలో ఉన్నాడు. అయినా ఒళ్లు చల్లబడింది.

రేక్యవిక్‌లో ఈతకొలను పక్కన, ఆవిర్లు కక్కే గుండ్రటి తొట్టిలో జరుగుతోంది ఆ బ్రీఫింగ్. ఐస్‌లాండ్ గూఢచారి శాఖ ముఖ్యమైన సంగతులన్నీ అక్కడే మాట్లాడుకుంటుంది. తొట్టిలో దిగేముందు ప్రతివాడూ బట్టలన్నీ విప్పి, సబ్బు రాసుకుని, ఒళ్లు కడుక్కుని తీరాలి. కాపలా మనిషి నిలబడి మరీ చూస్తాడు. ఇక మైక్రోఫోన్ దాచుకోవడానికి చోటెక్కడ? శాఖాధిపతి గుడ్‌ఫిన్నాకి అరవై దాటాయి. పువ్వుల టోపీ పెట్టుకుని ఆవిడ చెప్పే దేశరహస్యాలు పక్కనున్న ముసలాళ్లకి మనవల కబుర్లలా ఉంటాయి.

కేసు గ్రావేర్ లోయది. అగ్నిపర్వతం ఒళ్లో ఉన్న ఆ లోయలో బావులు తవ్వి వేడినీళ్లూ ఆవిరీ తీస్తారు. సగం రాజధాని చలికాలం గడిపేది వాటి పుణ్యానే. ఎంత తోడినా అడుగున నీళ్లున్నాయా, లేక లోయ ఖాళీ అయిపోతోందా అన్నది తేల్చేది కోల్బేన్ భార్య స్వాలా. ఏటా జూన్‌లో గ్రావిమీటర్ అనే పెట్టె పట్టుకుని లోయంతా తిరుగుతుంది. పెట్టెలో సన్నటి స్ప్రింగు ఒకటి ఉంటుంది. నేల కింద బరువుంటే స్ప్రింగు వెంట్రుకవాసి ఎక్కువ సాగుతుంది. నీళ్లు పోయి బరువు తగ్గితే తక్కువ సాగుతుంది. లోయ గుట్టంతా ఆ వెంట్రుకవాసిలో ఉంది.

ఆ లోయ మీద ‘కొలిమి’ కన్ను పడింది. కొలిమి అంటే యూరప్ ఖండం మీదున్న పెద్ద ముఠా, ఎండిపోయాయని పేరు పడ్డ బావులని చవగ్గా కొని పచ్చగా బతుకుతుంది. శనివారం సాయంత్రం పార్లమెంటు కమిటీ లోయలోని బడిలో కూర్చుని స్వాలా లెక్కలు చూస్తుంది. లోయ ఖాళీ అవుతోందని తేలితే దాన్ని చవగ్గా నలభై ఏళ్ల లీజుకి ఒక విదేశీ కంపెనీకి ఇచ్చేస్తుంది. ఆ కంపెనీ కొలిమి తొడుక్కున్న ముసుగు.

ఆ అందగాడు కొలిమి లోపలి నుంచి రెండేళ్లుగా కబుర్లు అమ్ముతున్న డబుల్ ఏజెంట్ ఫాబియాన్ అనీ, శాఖలో అతని పేరు ‘హంస’ అనీ గుడ్‌ఫిన్నా చెప్పింది. ముఠా మనుషులు గ్రావిమీటర్‌ని దొంగిలిస్తారు, లేదా పాడుచేస్తారు అన్న వార్త తెచ్చింది అతనే. కాబట్టి కోల్బేన్ సెలవు పెట్టినట్టు నటించి, భార్య వెంట పెట్టె మోసే మనిషిగా వెళ్లాలి. పెట్టె మీద ఈగ వాలకూడదు.

“వాడు చూడ్డానికి ఎలా ఉంటాడు?”

“మిషన్ గురించి అడుగబ్బాయ్.”

“దాని గురించే అడుగుతున్నాను.”

గుడ్‌ఫిన్నా జాలిగా చూసింది. ఏజెంట్ నైన్, అంటే కోల్బేన్, హాంబర్గ్ రేవులో కత్తి చూసి బెదరలేదు, తుపాకీ చూసి బెదరలేదు. ఉక్కుగుండె అని శాఖలో పేరు. ఉక్కుగుండెకి పెళ్లయితే ఏమవుతుందో ఎవరూ ఆలోచించలేదు.

స్వాలాకి ఇవేమీ తెలియవు. తన మొగుడు చేపల ఎగుమతి ఇన్‌స్పెక్టర్ అనే ఆవిడ పదకొండేళ్లుగా నమ్ముతోంది. ఈసారి తోడు వస్తానంటే, “నువ్వా? నా వెంటా?” అని నవ్వి, వెనక సీటు చూపించింది. ముందు సీట్లో గ్రావిమీటర్ కూర్చుంది. దానికి మెత్తటి దిండు, ఉన్ని దుప్పటి, సీటు బెల్టు. గతుకొచ్చినప్పుడల్లా స్వాలా చెయ్యి చాచి పెట్టెని పట్టుకుంటోంది. వెనకాల కోల్బేన్ తల కారు పైకప్పుకి తగిలి ఠంగుమన్నా తిరిగి చూడలేదు. తనని ఆవిడ అంత మురిపెంగా ఎప్పుడు పట్టుకుందో గుర్తుచేసుకోవాలని చూశాడు. గుర్తు రాలేదు. పెట్టె మీద కూడా కడుపు మండింది.

లోయ మొదట్లో గట్టి రాతి మీద తెల్లటి చెక్క చర్చి ఉంది. స్వాలా గురువు ఏనాడో దాని గుమ్మం లోపలి రాతిపలకలో ఇత్తడి బోల్టు బిగించాడు. బావుల ప్రభావం తగలని చోటు, భూమి కదలని చోటు. రోజూ మొదటి కొలత అక్కడే తీస్తారు, లోయంతా తిరిగి వచ్చి చివరి కొలతా అక్కడే తీస్తారు. మిగతా చోట్ల ఎంత బరువుందో చెప్పేది దానితో పోల్చే.

ఆ గుమ్మంలోంచి ఫాబియాన్ బయటికొచ్చాడు. మేజోళ్లతో ఉన్నాడు, బూట్లు మర్యాదగా బయట విడిచాడు. పొడుగు, నెరిసీ నెరవని జుట్టు, ఎవరు ఏమన్నా ముందుగానే నవ్వేసే కళ్లు. చర్చికి నేలను వెచ్చబరిచే గొట్టాలు ఉచితంగా వేస్తున్న విదేశీ ఇంజినీరు అని అతని వేషం. వచ్చిన నెలకే చర్చి కోరస్‌లో చేరాడట, పాస్టర్ భార్యకి సాస్ చేయడం నేర్పాడట. లోయలో ఉన్న ఆడవాళ్లందరికీ అతని యాస ముద్దుగా ఉందట.

స్వాలా పెట్టె దింపుతుంటే అతను కోల్బేన్ చెవి దగ్గరికి వంగి, “నీళ్లు చల్లారాయా?” అన్నాడు.

“ఇంకా మరుగుతున్నాయి,” అన్నాడు కోల్బేన్, పళ్లు బిగించి. కోడ్‌వర్డు సరిపోయింది.

ఫాబియాన్ వెంటనే స్వాలా చేతిలోంచి పెట్టె అందుకుని, పొత్తిళ్లలో బిడ్డని ఎత్తుకున్నంత మెత్తగా గుమ్మం దాకా మోశాడు.

“చూశావా కోల్బేన్? అలా మొయ్యాలి,” అంది స్వాలా.

ఆ మాటతో మొదలైంది. గట్టిపడిన లావా మీద ఇత్తడి బోల్టు కనిపించిన ప్రతిచోటా పెట్టె దించాలి, మట్టం సరిచూడాలి, గాలి ఆగేదాకా ఊపిరి బిగబట్టి నిలబడాలి. కోల్బేన్ అన్నీ చేశాడు. కానీ మధ్యాహ్నం అయ్యేసరికి ఫాబియాన్ వ్యాను ఏదో ఒక మలుపులో ప్రత్యక్షమయ్యేది. వేడినేలలో పాతిపెట్టి వండిన రై రొట్టె తెచ్చేవాడు, ఇంకా పొగలు వస్తుండేవి. ఎండుచేపని గోళ్లతో చీల్చి, వెన్న రాసి స్వాలాకి అందించేవాడు. పదకొండేళ్ల కాపురంలో కోల్బేన్ చేప తెచ్చాడే కానీ వెన్న రాసి ఇవ్వలేదు. ఆ వెన్న చూసి కుళ్లుకున్నాడు. ఆవిడ వేళ్లు నాక్కుంటూ నవ్వడం చూసి ఇంకా కుళ్లుకున్నాడు.

ఒకరోజు కారు నడపడం అతనికి అప్పగించి స్వాలా వెనక కూర్చుంది. వ్యాను ఎదురవగానే బ్రేకు మీద కాలు ఎంత గట్టిగా వేశాడంటే, సీటు బెల్టు ఉండబట్టి కానీ లేకపోతే గ్రావిమీటర్ అద్దంలోంచి బయటికి ఎగిరేది. స్వాలా ఆ రోజంతా అతనితో మాట్లాడలేదు.

అంగడిలో ఉన్న ఫోన్ నుంచి గుడ్‌ఫిన్నాకి చేశాడు. హంస డబుల్ ఏజెంట్ కాదు, ట్రిపుల్, అంటే చివరికి కొలిమి మనిషే అన్నాడు. ఆధారం ఏమిటని ఆవిడ అడిగింది.

“వాడు ఎండుచేపకి వెన్న రాసిస్తున్నాడు.”

 “నీది అనుమానం కాదబ్బాయ్, కుళ్లు,” అంది గుడ్‌ఫిన్నా. “అనుమానమైతే మనుషుల్ని పంపేదాన్ని. కుళ్లుకి నేనేం చెయ్యను?”

అనుమానం పెనుభూతం అంటారు. ఆ భూతం కోల్బేన్ భుజం మీదెక్కి వారం పొడుగునా స్వారీ చేసింది. స్వాలాకి ఏదో బహుమతి తెచ్చి దాచాడని తోచి, ఫాబియాన్ లేనప్పుడు వ్యాను తలుపు తీసి చూశాడు. హారాలు లేవు, అత్తరులు లేవు. ‘గొట్టాల బిగింపులు’ అని రాసిన చిన్న చెక్కపెట్టె ఒకటుంది, రొట్టెల డబ్బా అంత. ఎత్తబోతే కదల్లేదు. రెండు చేతులా పట్టి లాగితే నడుం పట్టేసింది. బహుమతి కానందుకు సంతోషించి, తలుపు మూసి వచ్చేశాడు. గూఢచారి అయితే పెట్టె గురించి ఆలోచించేవాడు. అప్పుడు అక్కడున్నది మొగుడు.

శుక్రవారం సాయంత్రం లోయ ఈతకొలనుకి వెళ్లాడు. షవర్ల గదిలో ఫాబియాన్ ఎదురయ్యాడు. ప్రత్యర్థిని నిలువెత్తునా, దాపరికం లేకుండా చూసుకునే భాగ్యం ఆ దేశంలో ప్రతి మొగుడికీ ఉంది. మంచి మొగుళ్లు చూపు తిప్పుకుంటారు. కోల్బేన్ తిప్పుకోలేదు. ఎక్కడైనా ఒక లోపం దొరక్కపోతుందా అని నఖశిఖపర్యంతం గాలించాడు. పొట్ట లేదు, బట్టతల లేదు. రెండు భుజాల మీదా మాత్రం పట్టీలు ఒరుసుకున్న కమిలిన చారలు ఉన్నాయి. అరచేతుల గీతల్లో నల్లబూడిద రంగు, సబ్బుతో తోముతున్నా వదలడం లేదు. అందగాడి ఒంటి మీద మచ్చలు దొరికాయన్న ఆనందంతో కోల్బేన్ ఆ రాత్రి హాయిగా పడుకున్నాడు.

శనివారం మధ్యాహ్నం మూడింటికి స్వాలా లెక్కలు కట్టి కమిటీకి అందజేసి వచ్చింది. మొహం పాలిపోయి ఉంది. వాళ్లు దిగిన గదిలో మంచం అంచున కూర్చుంది.

“లోయ ఖాళీ అయిపోతోంది,” అంది. “మా నాన్న తవ్విన బావులు, కోల్బేన్, అవి. పరాయివాళ్లకి ఇచ్చేస్తారు.”

అతను పక్కన కూర్చున్నాడు. ఆవిడకి కళ్లనీళ్లు రావడం అతను ఎప్పుడో కానీ చూడలేదు. ఎంత తగ్గిందని అడిగాడు. నిరుటితో పోలిస్తే ప్రతి బోల్టు దగ్గరా తగ్గింది, అన్నిచోట్లా ఒకటే తగ్గు అంది. బావుల పక్కనా అంతే, బావులు లేని పాత లావా మీదా అంతే. నిజానికి అలా తగ్గకూడదు. తోడినచోట గుంటలా ఎక్కువ తగ్గి, దూరం పోయేకొద్దీ సరిపోవాలి. మొదట నువ్వు బ్రేకు వేసినప్పుడు స్ప్రింగు దెబ్బతిందనుకున్నాను, నిన్ను లోపల్లోపల తిట్టుకున్నాను అంది. కానీ బ్రేకుకి ముందు తీసిన కొలతల్లోనూ అదే తగ్గు ఉంది.

“అన్నీ ఒకేలా తగ్గాయంటే?”

“కొలబద్ద పొడుగైతే మనుషులంతా పొట్టివాళ్లవుతారు. చర్చి గుమ్మం బరువెక్కితే లోయంతా తేలికైనట్టు కనిపిస్తుంది. కానీ అది బండరాయి. ఎలా బరువెక్కుతుంది? ఫాబియాన్ వేసిన గొట్టాల బరువెంత, నాలుగు మేకల బరువు ఉండదు.”

కోల్బేన్ లేచి నిలబడ్డాడు. ఇక దాచి లాభం లేదు. ఆ వ్యానులో చిన్న పెట్టె రెండు చేతులకీ కదల్లేదని చెప్పాడు. ఫాబియాన్ భుజాల మీద మోత చారలు, అరచేతుల్లో వదలని నల్లబూడిద మరక, అంత చిన్న పెట్టెకి అంత బరువంటే లోపల సీసమే అని చెప్పాడు.

“నువ్వు అతని వ్యాను ఎందుకు తెరిచావు?”

“నీకేమైనా కొన్నాడేమోనని.”

“అరచేతులు ఎందుకు చూశావు?”

“అన్నీ చూశాను స్వాలా. అరచేతులు చివర్న చూశాను.”

 ఆవిడ కారు తాళాలు అందుకుంది. కమిటీ ముందు అసూయ సాక్ష్యం చెల్లదు. సీసం చూపించాలి.

చర్చి తలుపు తీసే ఉంది. ఇద్దరూ బూట్లు విప్పి లోపలికి వెళ్లారు. కోల్బేన్ రాతిపలక పక్కనున్న కొత్త చెక్కలని కత్తితో లేపాడు. పలక కింద రాతిలో తొలిచి, అందరూ మరిచిపోయిన పాతకాలపు నేలమాళిగ, మనిషి వంగి దూరగలిగినంత. అందులో అడుగు నుంచి పలక దాకా సీసం దిమ్మలు, సందు లేకుండా పేర్చి ఉన్నాయి. గొట్టాల పేరు చెప్పి నెలరోజుల పాటు ఒక్కొక్క దిమ్మే మోసి తెచ్చిన పని అది. లోయలోంచి ఎవరూ చుక్క నీరు దొంగిలించలేదు. కొలత మొదలయ్యే చోటుని బరువెక్కించారు, అంతే. అందరూ లోయని అనుమానించారు, పెట్టెని కాపలా కాశారు. గుమ్మాన్ని ఎవరూ అనుమానించలేదు.

“చేతులు పైకి, ఏజెంట్ నైన్,” అంది వెనక నుంచి ముద్దైన యాస.

ఫాబియాన్ మేజోళ్లతో నిలబడ్డాడు. అందుకే అడుగుల చప్పుడు లేదు. చేతిలో సైలెన్సర్ పిస్టల్.

“ఎవరు ఏజెంట్?” అంది స్వాలా. ఫాబియాన్ వైపు చూసింది, మొగుడి వైపు చూసింది. “ఎవరిని అంటున్నాడు? కోల్బేన్, నువ్వు చేపల ఇన్‌స్పెక్టరువి కదా?”

కోల్బేన్ చేతులు పైకెత్తాడు. అది చూసి ఆవిడకి పిస్టల్‌ని చూసినప్పటికంటే ఎక్కువ భయం వేసింది.

ఫాబియాన్ తాపీగా విషయం చెప్పాడు. అతనెప్పుడూ కొలిమి మనిషే. గుడ్‌ఫిన్నాకి రెండేళ్లుగా అమ్మిన కబుర్లన్నీ కొలిమి వండి పెట్టినవే. ఎవర్నీ చంపే ఉద్దేశం లేదు, మనసుకి కష్టంగా ఉంటుంది. సాయంత్రం నాలుగింటికి బడిలో సంతకం పడుతుంది, అందాకా ఇద్దరూ ఇక్కడ బుద్ధిగా కూర్చుంటే చాలు. గోడగడియారం చూశాడు. ముల్లు నాలుగుకి ఆనుకుని ఉంది. ఇంకాసేపు ఓర్చుకోమన్నాడు.

“నువ్వు ఇటు రా స్వాలా,” అన్నాడు. “నా బంగారం, ఆ ధూళిలో కూర్చోకు.”

పిస్టల్ పట్టుకున్న మనిషి మీదికి దూకకూడదని శిక్షణలో మొట్టమొదట నేర్పుతారు. దూరం లెక్కించాలి, మాటల్లో పెట్టాలి, అదను చూడాలి. కోల్బేన్ అవన్నీ చేసేవాడే, ఆ మూర్ఖుడు ‘నా బంగారం’ అనకుండా ఉంటే. వారం రోజుల వెన్న, రొట్టె, యాస, నవ్వు ఒక్కసారిగా తలకెక్కాయి. దేశం గుర్తు లేదు, లోయ గుర్తు లేదు. ఎద్దులా తల వంచి దూకాడు. ఇంత తెలివితక్కువ పని శిక్షణ పొందిన ఏజెంట్ చేస్తాడని ఫాబియాన్ ఊహించలేదు. వెనక్కి ఎగరబోయి మేజోళ్లతో వెచ్చటి నున్నటి చెక్కల మీద జారాడు. గుండు పైకప్పులోకి పోయింది. ఇద్దరూ కలబడి బెంచీల మధ్య దొర్లారు.

“గంట!” అని అరిచాడు కోల్బేన్.

స్వాలాకి రెండోసారి చెప్పక్కర్లేదు. తాడు పట్టుకుని వేలాడింది. గ్రావేర్ లోయలో ప్రార్థన వేళకి కాకుండా గంట మోగితే ఒకటే అర్థం: నేల విచ్చుకుంది, లావా వస్తోంది. అప్పుడు ఎక్కడున్నవాళ్లు అక్కడ అన్నీ వదిలేసి గట్టి రాతి మీదున్న చర్చికి పరుగెత్తాలి. పసిపిల్లలకి కూడా తెలుసు. కోరస్‌లో పాడి, సాస్ నేర్పి, అన్నీ తెలుసుకున్న ఫాబియాన్‌కి ఇదొక్కటి ఎవరూ చెప్పలేదు. అక్కడ పుట్టినవాళ్లకి అది చెప్పాల్సిన సంగతి అనిపించదు.

బడి ఖాళీ అయింది. కమిటీ సభ్యులు, పాస్టర్, అతని భార్య, వంటమనిషి, కుక్కలు, అంతా చర్చి మెట్ల దగ్గరికి వచ్చి పడ్డారు. లావా తరుముతోందని నమ్మి వచ్చినవాళ్లు కూడా గుమ్మంలో బూట్లు విప్పడానికి ఆగారు. మొదట లోపలికొచ్చింది కమిటీ అధ్యక్షుడు, కలం ఇంకా చేతిలోనే ఉంది. లీజు కాగితం మీద ఆయన పేరులో మొదటి అక్షరం పడిందట. ఆయన మొదట చెక్కలు లేపిన నేలని చూశాడు. తర్వాత సీసాన్ని, ఆ తర్వాత అందగాడి ఛాతీ మీద కూర్చున్న చేపల ఇన్‌స్పెక్టర్‌ని చూశాడు. కలానికి మూత పెట్టుకున్నాడు.

గుడ్‌ఫిన్నా హెలికాప్టర్‌లో దిగింది, జుట్టు ఇంకా తడిగానే ఉంది. హంసని సంకెళ్లతో పంపించాక, నీ కుళ్లు మాట విని ఉండాల్సిందని కోల్బేన్ భుజం తట్టింది. ఊరంతా కలిసి సీసం తీసేశాక స్వాలా గుమ్మం దగ్గర మళ్లీ కొలిచింది. లోయ బరువు గ్రాముతో సహా ఉన్నచోటే ఉందని అందరికీ చెప్పింది. మొగుడికి మాత్రం ఏమీ చెప్పలేదు.

చివరికి అందరూ వెళ్లిపోయాక చర్చి మెట్టు మీద ఇద్దరే మిగిలారు. అర్ధరాత్రి అవుతున్నా సూర్యుడు కొండ అంచున కూర్చునే ఉన్నాడు. కోల్బేన్ పదకొండేళ్ల అబద్ధానికి క్షమాపణ చెప్పుకోవాలని ఎన్నో మాటలు కూడబలుక్కున్నాడు.

“నువ్వు హల్ రేవుకి వెళ్లి వచ్చావు, చొక్కాకి సెంటు వాసన,” అంది స్వాలా. “ఓస్లోలో మూడు రోజులన్నావు, పది రోజులున్నావు. హాంబర్గ్ నుంచి వచ్చినప్పుడు మెడ మీద గోటిగీతలు. వల తెగి గీసుకుందన్నావు. నేనొక్కసారి కూడా అడగలేదు.”

“ఎందుకు అడగలేదు?”

“అడిగితే అబద్ధం చెప్తావు. అడక్కపోతే అబద్ధం వినక్కర్లేదు.”  “ఎవడో వెన్న రాసిచ్చాడని నీకు వారానికే ప్రాణం మీదికొచ్చింది కోల్బేన్. నాకు పదకొండేళ్లు.”

 ఈ వారమంతా తన ఒంట్లో మండిన మంట ఎంతటిదో అతనికి తెలుసు. దాన్ని మింగి, ప్రతిసారీ గుమ్మంలో ఎదురొచ్చి కాఫీ ఇచ్చిన మనిషి పక్కన కూర్చుని ఉంది. చెయ్యి పట్టుకున్నాడు. ఆవిడ లాక్కోలేదు.

“ఇప్పుడు అడుగుతాను,” అంది. “నిజం చెప్పు. ఆ ఊళ్లలో ఆడవాళ్లు ఉన్నారా?”

“ఇద్దరున్నారు. ఇద్దరూ నన్ను చంపబోయారు.”

స్వాలా తల ఊపింది.  కొండ మీది సూర్యుణ్ణి కాసేపు చూసింది.

“అందంగా ఉంటారా?”

ఆ ప్రశ్నకి జవాబు చెప్పి బతికి బయటపడిన ఏజెంట్ శాఖ చరిత్రలో ఒక్కడూ లేడు.